బోర్లించిన గ్లాసు

మా అక్క ఎవరినీ ఏదీ అడగదు. ఆకలేస్తే అన్నం పెట్టమని కూడా అడగని రకం. మనమే గమనించి పెట్టాలి, ఆలస్యమైతే మనల్ని మనమే తిట్టుకోవాలి. అలాంటి మనిషి, బావ పోయిన కొన్ని నెలలకి ఒక మధ్యాహ్నం నా కుట్టు కొట్టుకి వచ్చింది. నేను ఎవరిదో కోటుకి అస్తరు వేస్తున్నాను. ఎదురుగా స్టూలు మీద కూర్చుని, బల్ల మీది దారం ముక్కలు ఒక్కొక్కటీ ఏరుతూ, "ఈసారి రుచి విందు మీ ఇంట్లో పెడతావా?" అంది.

నేను సూది ఆపేశాను. ఆ విందు సంగతి నాకు తెలుసు. అక్క, బావ ఇద్దరూ పనిచేసింది ఒకే డిస్టిలరీలో. అక్కడ బూర్బన్ తయారవుతుంది. మొక్కజొన్న నుంచి కాచిన సరుకుని, లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాల్లో పోసి, ఏళ్ల తరబడి గిడ్డంగిలో పండబెట్టే విస్కీ అది. పండిందో లేదో వాసన చూసి, రుచి చూసి చెప్పడం అక్క పని. ఫ్యాక్టరీలో అందరూ 'ముక్కు మేడమ్' అంటారు. బావ గిడ్డంగి మేస్త్రి. ఏ పీపా పై అంతస్తులో ఉండాలి, ఏది ఎప్పుడు కిందకి దిగాలి అన్నది ఆయన చూసుకునేవాడు. బావ పండబెడితే అక్క తీర్పు చెప్పేది. వాళ్ల కాపురం కూడా ఇంచుమించు అలాగే సాగింది.

ఆ ఫ్యాక్టరీలో ఒక ఆచారం ఉంది. ఎక్కువ కాలం పనిచేసినవాళ్లకి ఒక్కో పీపా అప్పగిస్తారు. దాన్ని 'సొంత పీపా' అంటారు. అది పండేదాకా చూసుకోవాల్సింది వాళ్లే, ఇంకొకరు చెయ్యి వేయకూడదు. పండాక దాని నమూనాని మరి కొన్నిటితో కలిపి ఎవరో ఒకరి ఇంట్లో, ఏది ఎవరిదో తెలియకుండా రుచి చూస్తారు. నెగ్గితే ఆ పీపాలో సరుకుని విడిగా సీసాల్లో నింపి, చీటీ మీద ఆ మనిషి పేరు వేస్తారు. నెగ్గకపోతే పెద్ద తొట్టిలో పోసేస్తారు. అక్కడ అది వందల పీపాల సరుకుతో కలిసిపోతుంది.

"బావ పీపా పండిందా?" అన్నాను.

"వంతు వచ్చింది," అంది అక్క. కాసేపు దారాలు ఏరింది. "ఇంట్లో ఆయన పేరున్నది కరెంటు బిల్లొక్కటే ఉండేదే. అది కూడా ఈ నెల నుంచి నా పేరు మీదకి మార్చేశారు. ఒక్క సీసా మీద ఆయన పేరు చూసుకోవాలని ఉంది."

ఆ కోటు ఎవరిదోగానీ, అస్తరు మీద నా కన్నీటి మరక పడింది. "మా ఇంట్లోనే," అన్నాను.

చెప్పొద్దూ, అప్పటికప్పుడే ఒక నిర్ణయానికి వచ్చేశాను. బావ పీపా నెగ్గాల్సిందే. దానికి దొంగతనం చెయ్యాల్సివస్తే చేస్తాను. నా కోపం ముక్కు మీద, నా న్యాయం నా ఇష్టం మీద నడుస్తాయని బావే అనేవాడు. నన్ను 'కత్తెర' అని పిలిచేవాడు. ఆ మాట ఇంకెవరైనా అంటే ఊరుకోను.

కానీ ఆ విందులో మోసానికి తావివ్వకుండా ఒక పద్ధతి పెట్టుకున్నారు. సీసాలకి తొడుగులు వేసి అంకెలు వేసేవాళ్లు వేరు, గ్లాసుల్లో పోసేవాళ్లు వేరు. వేసినవాళ్లు పోయకూడదు, పోసినవాళ్లు వేయకూడదు. పొయ్యడం నా పని. తొడుగులు కుట్టింది కూడా నేనే, పాత పంట్లాం కాళ్లు కత్తిరించి. వాటిని తొడిగి అంకెలు వెయ్యడం మా ఆయన పని. ఆ మాట విని నేను లోలోపల సంబరపడ్డాను. మా ఆయన నోట్లో నువ్వు గింజ నానదు. నా పుట్టినరోజుకి ఏం కొన్నాడో కొట్టు దాటకముందే ఫోన్ చేసి చెప్పే మనిషి.

విందు రోజు పొద్దున్న టీ ఇస్తూ, "బావది ఏ నంబరు?" అన్నాను, పంచదార సరిపోయిందా అన్నంత మామూలుగా.

"చెప్పను," అన్నాడు.

"చెప్పకపోతే?"

"చంపినా చెప్పను. వదినగారు నా చేత ఒట్టు వేయించుకున్నారు. నా చెయ్యి పట్టుకుని మరీ అడిగారే. 'అది మీ దగ్గర కూపీ లాగుతుంది మరిదిగారూ, మీరు మాత్రం చెప్పకండి' అన్నారు."

అక్క నన్ను ఎత్తుకుని పెంచింది. నేను ఎప్పుడు ఏ వెధవ పని చేస్తానో నాకంటే ముందే తెలుస్తుంది. ఆ రోజు మాత్రం ఆ తెలివి చూసి నాకు ఒళ్లు మండింది. సాయం చేస్తానంటే కాళ్లూ చేతులూ కట్టేస్తే ఎలా?

ఇంట్లో ఏ వాసనా ఉండకూడదన్నారు. వంటంతా ముందే ముగించి, గిన్నెల మీద మూతలు బిగించి, కిటికీలన్నీ బార్లా తెరిచాను. మా ఆయన గడ్డం గీసుకున్నాక రాసుకునేదేదో రాసుకుంటే మళ్లీ మొహం కడిగించాను. పువ్వులు తీసేశాను. సబ్బు కూడా వాసన లేనిది కొన్నాను. ముందు రుచి, తర్వాత తిండి, అదీ వరస. అన్నీ తీసేసిన ఆ ముందు గది, మనిషి పోయిన మర్నాటి ఇల్లులా బోసిగా కనిపించింది. ఆ మాట పైకి అనలేదు.

సాయంత్రం ఇంకా ఎండ ఉండగానే వచ్చారు. ముందు ఫ్యాక్టరీ యజమాని, చేతికర్ర ఊతంగా. డెబ్బై దాటినా టై లేకుండా గడప దాటని మనిషి. ఆయన వెనకే పీపాలు బిగించే పెద్దమేస్త్రి. ఆయన్ని అందరూ 'సుత్తి మావయ్య' అంటారు. చేతిలో సుత్తి ఉంటుందని కొందరు, నోరు తెరిస్తే ఆపడని మరికొందరు. బావకి ప్రాణ స్నేహితుడు. వస్తూనే నా తల మీద చెయ్యి వేసి, ఏమీ మాట్లాడలేకపోయాడు. ఆయన మాట్లాడకపోవడం నేను చూసింది అదే మొదటిసారి.

చివరగా అక్క వచ్చింది. తెల్ల చొక్కా, వెనక్కి బిగించి కట్టిన జుట్టు, పనికి వెళ్లేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే.

యజమాని గొంతు సవరించుకున్నాడు. "ఈ ఒక్కసారికీ నువ్వు తప్పుకుంటావామ్మా? ఎవరూ ఏమీ అనుకోరు."

"ఏది ఎవరిదో తెలియనప్పుడు తప్పుకోవడం దేనికండీ?" అంది అక్క.

నలుగురం బల్ల చుట్టూ కూర్చున్నాం. ఇల్లు ఎవరిదైతే వాళ్లకీ ఒక వోటు ఉంటుంది, కొని తాగేది ఇళ్లల్లోనివాళ్లే కదా అని. ఒక్కొక్కరి ముందూ తెల్ల కాగితం, దాని మీద వరసగా అంకెలు, ఒక్కో అంకె మీద ఒక గ్లాసు. నాలుగు పీపాల సరుకు, బావదీ మరో ముగ్గురిదీ. పక్కన ఉమ్మడానికి ఒక మగ్గు, కొంచెం మంచినీళ్లు, ఒక్క మొక్కజొన్న గింజ. నచ్చిన గ్లాసు ముందు గింజ పెట్టాలి. సీసాకి పనికిరాదనుకున్న గ్లాసుని కాగితం మీద బోర్లించాలి. మిగతావాళ్లు బోర్లిస్తే దాని గురించి మాట్లాడుకోవచ్చు. ముక్కు మేడమ్ బోర్లిస్తే మాట్లాడటానికేమీ ఉండదు, ఆ పీపా తొట్టిలోకే.

నేను పోశాను. మా ఆయన వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు, ఇక ఆయనకి పనేమీ లేదు. ఏది ఎవరిదో తెలిసినవాడు మా అందరిలో ఆయనొక్కడే. ఆ మొహంలోంచి ఏమైనా తెలుస్తుందేమోనని చూశాను. నేను చూస్తున్నానని తెలిసి పైకప్పుకేసి చూడటం మొదలుపెట్టాడు.

మొదటి గ్లాసు ఘాటుగా ఉంది, అంతకంటే నాకేమీ తెలియలేదు. రెండోది నోట్లో పెట్టుకోగానే అనుకున్నాను, ఇదే అని. కాల్చిన చక్కెర, కొంచెం వెనిలా, గొంతు దిగాక ఎవరో వీపు నిమిరినట్టు వెచ్చదనం. బావ అలాగే ఉండేవాడు. కోపం రావలసిన చోట కూడా నవ్వేవాడు. ఫ్యాక్టరీ మొత్తంలో ఆయనకి మాట పట్టింపు ఉన్నది బాయిలర్ మేస్త్రి ఒక్కడితోనే, అది కూడా అతను బావని పదిమందిలో 'ముక్కు మేడమ్ మొగుడు' అన్నందుకు. మూడోది నాలుక వెనక చేదుగా అంటుకుంది, చెక్క నమిలినట్టు. నాలుగోది గుర్తు లేదు. అప్పటికే నా గింజ రెండో గ్లాసు ముందు ఉంది.

యజమాని కళ్లు మూసుకుని తాగాడు. తెరిచేసరికి తడిగా ఉన్నాయి. గింజని రెండో గ్లాసు ముందు పెట్టి, "ఇది అతని చెయ్యే," అన్నాడు మెల్లగా.

అందరూ ముగించేదాకా మాట్లాడకూడదని నియమం. పెద్దాయనే తప్పాక సుత్తి మావయ్యని ఎవరు ఆపుతారు? "అదే, అదే! నిండా వాడే ఉన్నాడిందులో," అంటూ తన గింజ కూడా అక్కడే పెట్టి, చేతిగుడ్డతో మొహం తుడుచుకున్నాడు.

అక్క మాత్రం ఎవరి మాటా విననట్టే తన పని చేసుకుపోతోంది. నోరు కొంచెం తెరిచి వాసన చూడటం, రెండు చుక్కల నీళ్లు వెయ్యడం, మళ్లీ వాసన, ఒక గుక్క, కాసేపు ఉంచుకోవడం, ఉమ్మడం. మూడో గ్లాసు దగ్గర ఆగింది. వాసన చూసి కింద పెట్టింది. నాలుగోదానికి వెళ్లి మళ్లీ మూడోదానికే వచ్చింది. నీళ్లు కలిపి మళ్లీ చూసింది. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని అలా ఉండిపోయింది. ఏదో తేల్చుకోలేకపోతోంది అనుకున్నాను.

తర్వాత తన గింజ తీసి రెండో గ్లాసు ముందు పెట్టింది. నాలుగు గింజలూ ఒకే చోట! నెగ్గాం బావా, అనుకున్నాను.

అప్పుడు అక్క మూడో గ్లాసు తీసుకుని, అందులో మిగిలింది మగ్గులో పోసి, కాగితం మీద బోర్లించింది. వంటింటి గుమ్మంలో మా ఆయన చేతిలోంచి గరిటె కింద పడింది.

"ఎవరిదో పాపం," అన్నాడు యజమాని.

"ఆ బాయిలర్ వాడిదే అయ్యుంటుందిలెండి," అన్నాడు సుత్తి మావయ్య, కన్నీళ్లలోనే నవ్వుతూ. "పీపాని కూడా ఉడకబెట్టేసుంటాడు."

నేను ఆత్రం పట్టలేక రెండో సీసా తొడుగు లాగేశాను. చీటీ మీద బాయిలర్ మేస్త్రి పేరుంది.

మా ఆయనకేసి చూశాను. తల దించుకున్నాడు. మూడో సీసా తొడుగు నేను తియ్యలేదు, అక్కే తీసింది. బావ పేరు.

మేమంతా ప్రేమ కొద్దీ వోటు వేశాం. బావ కోసమని వెతికి వెతికి, ఆయనకి పడనివాడి సరుకుని ఎత్తుకుని ముద్దాడాం. ఆ తప్పుకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కానీ మేం ముగ్గురం చేసింది సర్దుకునే తప్పు. అక్క చేసింది సర్దుకునేది కాదు.

యజమానే ముందు తేరుకున్నాడు. "నేనేమీ చూడలేదమ్మా. మేమెవరమూ చూడలేదు. ఆ గ్లాసు తిప్పెయ్. తెలియక జరిగింది."

"తెలిసే చేశానండీ," అంది అక్క. "వాసన చూడగానే తెలిసింది."

"తెలిసి బోర్లించావా? ఒక్క సీసా చాలన్నావు, ఆయన పేరు చూసుకోవాలన్నావు. నా ఎదురుగా కూర్చుని అడిగావు. అసలు నువ్వు మనిషివా, ముక్కువా?" అన్నాను. ఆ మాట నోరు జారిన క్షణమే వెనక్కి తీసుకోవాలనిపించింది. ఇప్పటికీ అనిపిస్తూనే ఉంది.

అక్క నా మీద కోప్పడలేదు. కాగితం అంచు సరిచేస్తూ అంది. "బాగోలేదే. చెక్క మొత్తం లోపలికి దిగిపోయింది. బయటివాళ్లదైతే బోర్లించనా? ఆయన పేరు రాసి చేదు సరుకు అమ్ముకోమంటావా? ఆయన ఊరుకునేవాడా?"

"అదే నాకు అర్థం కావట్లేదు," అన్నాడు సుత్తి మావయ్య. "అంత చెక్క ఎందుకు దిగుతుంది? పై అంతస్తులో వదిలేస్తే కదా దిగేది. వేడికి చెక్కలోని చేదంతా లాగేస్తుంది. కిందటి ఎండాకాలానికి ముందే కిందకి దింపేశానని వాడు నాతో చెప్పాడే?"

"దింపలేదు," అంది అక్క.

"నాతో చెప్పాడమ్మా! నేనే అడిగాను."

"చెప్పాడు మావయ్యా. దింపలేదు." అక్క మొదటిసారి గ్లాసు మీంచి కళ్లు పైకెత్తింది. "ఆయన మెట్లెక్కలేకపోయేవాడు. ఆ ఏడంతా. డాక్టరు చెప్పకముందు నుంచే. మధ్యాహ్నం తాళం తీసుకుని గిడ్డంగిలోకి వెళ్లి, కింద ఓ పెట్టె మీద కూర్చుని, ఆయాసం తగ్గాక బయటికి వచ్చేవాడు. మిగతా పీపాలంటే కింద నుంచే చెప్పి కుర్రాళ్ల చేత దింపించాడు. తనది ఇంకొకళ్లు ముట్టుకోకూడదు కదా. ఎవరినైనా సాయం పిలిస్తే, ఎందుకు అని అడుగుతారు కదా."

"నీకు తెలుసా?" అన్నాడు యజమాని.

"తలుపు దగ్గర కాపలా ఉన్నది నేనేనండీ. ఎవరైనా వస్తే దగ్గేదాన్ని." అక్క బోర్లించిన గ్లాసు మీద చెయ్యి పెట్టింది. "చెప్పొద్దన్నాడు. మెట్లెక్కలేని గిడ్డంగి మేస్త్రిని ఆఫీసులో కుర్చీలో కూర్చోబెడతారు, నాకు కుర్చీ వద్దన్నాడు. నేను ఊరుకున్నాను. అప్పుడే మీకు చెప్పి ఉంటే పీపా దిగేది. ముందుగా ఆస్పత్రికి కూడా వెళ్లేవాళ్లం. ఇవాళ వాసన చూస్తే అదంతా అందులోనే ఉంది. ఆ ఎండాకాలం అంతా ఉంది. అది నేను తప్ప ఇంకెవరు పట్టుకుంటారు?"

లేచి వెళ్లి కుర్చీ వెనక నిలబడి అక్క భుజాలు పట్టుకున్నాను. ఇన్ని నెలలూ దీన్ని ఒక్కతే మోసింది. నన్నడిగింది సీసా మీద పేరు కోసమే, అది నిజం. నెగ్గితే ఆ ఏడాది ఏమీ పాడు చెయ్యలేదని అనుకోవచ్చు కదా అన్న ఆశ కూడా దాని వెనక ఉందని నాకు అప్పుడు తెలిసింది.

యజమాని కర్ర మీద రెండు చేతులూ ఆనించాడు. "నన్నడిగితే కుర్చీ ఇచ్చేవాణ్ణి కాదమ్మా," అన్నాడు. "కింద అంతస్తు పని ఇచ్చేవాణ్ణి." ఆ మాట అనకుండా ఉండాల్సిందని ఆయనకీ వెంటనే తెలిసింది. సర్దుకోవాలని, "తొట్టిలో కలిసినా మంచిదేలే. ఇకమీదట ప్రతి సీసాలోనూ ఒక చుక్క అతనుంటాడు," అన్నాడు.

"ఉండడండీ," అంది అక్క మర్యాదగానే. "తొట్టిలో కలిస్తే కలిసిపోయినట్టే. నాకే దొరకడు. ఇంకెవరికి దొరుకుతాడు?"

భోజనాలు పెట్టాను. సూపు చల్లారిపోయింది, మళ్లీ వెచ్చబెట్టే ఓపిక నాకు లేదు. రొట్టె, కాల్చిన కోడి, బంగాళాదుంపలు. ఎవరికీ సహించలేదుగానీ అందరూ తిన్నారు, వండినదాన్ని నేను ఎదురుగా ఉన్నానని. సుత్తి మావయ్య సగంలో చెంచా కింద పెట్టి, "నేనే పైకెక్కి చూసుండాల్సింది," అన్నాడు. వెళ్లేటప్పుడు బాయిలర్ మేస్త్రికి కబురు తనే చెబుతానన్నాడు. "చెప్పండి. బాగా పండిందని నేనన్నానని చెప్పండి," అంది అక్క.

వాళ్లు వెళ్లేసరికి కిటికీలో ఇంకా వెలుగుంది. మా ఆయన గిన్నెలు కడుగుతున్నాడు. నేను బల్ల మీది కాగితాలు చుట్టేశాను. మిగిలిన నమూనా సీసాలు అక్క సంచిలో పెట్టబోతే, మూడోది ఆపింది.

"ఆ చిన్న గ్లాసు కాదు. నీళ్లు తాగేదివ్వు," అంది.

తెచ్చిచ్చాను. "పొయ్యి."

పోశాను. అక్క వాసన చూడలేదు. నీళ్లు కలపలేదు. నోట్లో పెట్టుకుని మింగింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో మా అక్క మింగడం నేను ఎప్పుడూ చూడలేదు. ఇంకో గుక్క మింగింది. కళ్ల నుంచి నీళ్లు గడ్డం దాకా కారుతున్నా తుడుచుకోలేదు. నేను పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నాను. తను వేళ్లు బిగించింది. గ్లాసు ఖాళీ అయ్యేదాకా వదల్లేదు.

"బాగోలేదే," అంది అక్క. గ్లాసు నా వైపు జరిపింది. "ఇంకొంచెం పొయ్యి."